ఇబ్రహీం ఎల్ సలాహీ

ఇబ్రహీం ఎల్ సలాహీ సూడాన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. అరబ్బీ అక్షరాలను విడగొట్టి, వాటినుండి నైరూప్య చిత్రాలను సృష్టించినవారిలో అగ్రగణ్యుడు. 1960వ దశకంలో పేరుపొందిన "ఖార్టూమ్ శైలి" చిత్రకారులుగా అహ్మద్ షిబ్రెయిన్, కమలా ఇషాక్‌లతో పాటు ఈయనను పేర్కొంటారు.

బాల్యము, విద్య

ఈయన 1930 సెప్టెంబరు 5న ఓమ్‌దుర్మాన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఖురాన్ పాఠశాల నడిపేవాడు. అక్కడ చెక్క పలకలపై అక్షరాలు దిద్దుతూ, వాటికి అలంకారాలు వేస్తూ సలాహీ లేఖనకళతో పరిచయం పొందాడు. ఖార్టూమ్‌లోని గోర్డన్ స్మారక కళాశాలలో చిత్రకళ అభ్యసించి, 1954లో ఉపకార వేతనంపై లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చేరాడు. 1957లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

అక్షరం నుండి ఆకృతికి

లండన్‌లో వేసిన చిత్రాలను ఖార్టూమ్‌లో ప్రదర్శించగా, ప్రారంభోత్సవానికి వచ్చినవారు తరువాత మళ్ళీ రాలేదు. వచ్చినది కూడా శీతల పానీయాల కోసమేనని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. పాశ్చాత్య పద్ధతిలో వేసిన ఆ బొమ్మలలో తన ప్రజలకు తమదన్నది ఏదీ కనిపించలేదని గ్రహించి, కొంతకాలం కుంచె పక్కనపెట్టి దేశాటన చేశాడు. ఇళ్ళ గోడలపై, చాపలపై, ప్రార్థన తివాచీలపై ఉన్న నగిషీలను, వ్రాతలను పరిశీలించాడు.

మొదట చిత్రపు మూలలో తపాలా బిళ్ళంత చోటులో అరబ్బీ వ్రాత చేర్చాడు. చూపరులు దగ్గరకు రాసాగారు. తరువాత వ్రాతను చిత్రమంతటా పరచాడు. చివరకు అక్షరాన్నే విరిచాడు. అరబ్బీ లిపిలో అక్షరాలు ఒకదానినొకటి పట్టుకొని సాగుతాయి. పదంలో స్థానాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. ఆ లిపి నుండే పుట్టిన ఉర్దూ వ్రాతను చూసిన తెలుగువారికి ఇది తెలిసినదే. ఆ గీతలను తెంచి తెరవగా, వాటి నడుమ మనుషుల ముఖాలు, పక్షులు, మొక్కలు ప్రత్యక్షమయ్యాయని సలాహీ చెప్పాడు. అంటే ఇక్కడ వ్రాత చదవడానికి కాదు, చూడడానికి. ఈ దశకు చెందిన "బాల్యస్వప్నాల పునర్జనిత ధ్వనులు" (1961–65) అనే చిత్రం పొడవు వెడల్పులు రెండూ సుమారు 2.6 మీటర్లు. నలుపు, తెలుపు, మట్టిరంగులే ఇందులో ప్రధానం. ఇది ప్రస్తుతం లండన్ టేట్ సంగ్రహాలయంలో ఉంది.

కారాగారవాసము

సూడాన్ సాంస్కృతిక శాఖలో ఉన్నతోద్యోగిగా ఉండగా, 1975లో నిమేరీ ప్రభుత్వంపై విఫలమైన తిరుగుబాటు తరువాత ఆయనను నిర్బంధించారు. విచారణ లేకుండానే ఆరు నెలల ఎనిమిది రోజులు ఖార్టూమ్‌లోని కూపర్ చెరసాలలో ఉంచారు. అక్కడ కాగితం, కలం నిషిద్ధం. పట్టుబడితే ఏకాంతవాస శిక్ష. సలాహీ ఇసుకపై వ్రేలితో గీసి చెరిపేవాడు. సిమెంటు సంచుల కాగితపు ముక్కలపై గీసినవాటిని ఇసుకలో పాతిపెట్టేవాడు. తుది చిత్రం ఎలా ఉంటుందో ముందుగా నిర్ణయించుకోక, చిన్న ముక్కతో మొదలుపెట్టి పక్కపక్కన మరికొన్ని చేరుస్తూ పోయే ఆయన పద్ధతికి మూలం ఇక్కడే ఉంది. తొమ్మిది ఫలకాల "అనివార్యము" (1984–85) ఆ విధంగా వేసినదే. ఇది నల్లసిరా చిత్రం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు జాన్సన్ సంగ్రహాలయంలో ఉంది. విడుదలైన పిదప గీసిన "కారాగార పుస్తకం" 2018లో ముద్రితమైంది.

ప్రవాస జీవితము

1977లో ఖతార్ వెళ్ళి చాలాకాలం అక్కడ పనిచేశాడు. 1998లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డులో స్థిరపడ్డాడు. ఈ కాలపు "వృక్షం" చిత్రాలకు ప్రేరణ నైలు తీరపు హరాజ్ చెట్టు. ఇది తుమ్మజాతికి దగ్గరి చెట్టు; వానాకాలంలో ఆకులు రాల్చి, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. ఎదురీదే ఈ స్వభావంలో ఆయనకు సూడాన్ ప్రజల వ్యక్తిత్వం కనిపించింది.

2013లో టేట్ మోడరన్ ఈయన జీవితకాలపు చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. ఒక ఆఫ్రికా చిత్రకారునికి ఆ సంస్థలో ఇటువంటి గౌరవం దక్కడం అదే ప్రథమం. వార్ధక్యంలో నడుమునొప్పి వల్ల పెద్ద చిత్రాలు వేయలేని స్థితిలో, ఖాళీ మందుల పెట్టెలను విప్పి వాటి లోపలివైపున నల్లసిరాతో గీశాడు. వీటికి "నొప్పి నివారణ" అని పేరు పెట్టాడు.