కోరెగావ్ రాయి మీది పేర్లు

యుద్ధ చరిత్ర అని మనకు బడిలో చెప్పిందంతా రాజుల గురించీ సేనాపతుల గురించీ. సిపాయి ఏ వాడ నుంచి వచ్చాడో, యూనిఫాం విప్పాక ఏ వాడకు తిరిగిపోయాడో ఎవరూ రాయలేదు. రాసేవాళ్లకు ఆ వాడ దారి తెలిస్తే గదా! అయితే పుణె దగ్గర భీమా నది ఒడ్డున, కోరెగావ్‌లో, ఒక రాతి స్తంభం మీద సిపాయిల పేర్లు మిగిలాయి. 2018 జనవరి 1న, ఆ యుద్ధానికి 200 ఏళ్లు నిండిన రోజున, అక్కడికి వెళ్లిన దళితుల మీద దాడులు జరిగాయి. రాయికి దండం పెడితే ఇంత కోపం ఎందుకొచ్చింది? అందుకే ఆ పేర్ల సంగతి మరోసారి మాట్లాడుకోవాలనుకున్నాం.

1818 జనవరి 1న కెప్టెన్ స్టాంటన్ కింద కంపెనీ బలగం 800 మందికి పైగా ఆ ఊళ్లో చిక్కుకుని, రెండో బాజీరావు పేష్వా సైన్యంతో పగలంతా పోరాడింది. ఎదురుగా నది, తాగడానికి నీళ్లు లేవు. రాత్రికి పేష్వా సైన్యం వెనక్కి తగ్గింది. స్తంభం మీద చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు 49 ఉంటే, అందులో 22 పేర్లు 'నాక్' అని ముగుస్తాయి. అవి మహర్ల పేర్లు.

దీన్ని మహర్లకీ పేష్వాలకీ జరిగిన యుద్ధమని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు. కంపెనీ తరఫున చచ్చినవాళ్లలో మరాఠాలూ ముస్లింలూ ఉన్నారు. పేష్వా వైపు ముందుకురికి కొట్లాడింది ఎక్కువగా అరబ్బులు. కంపెనీ కూడా అంటరానివాళ్లను ఉద్ధరించడానికి రాలేదు, రాజ్యం కోసం వచ్చింది. ఇదంతా తెలిసే మేం ఆ రాయిని మనదంటున్నాం. ఊళ్లో మనిషిని తక్కువ చేసి పిలవడానికి పనికొచ్చిన ఆ 'నాక్' అనే తోకే, రాయి మీదికెక్కేసరికి సాక్ష్యమైంది. కులం తెలియని పేర్లయి ఉంటే ఆ 22 మందిని ఎప్పుడో వేరేవాళ్ల ఖాతాలో రాసేసుకునేవాళ్లు.

చచ్చినవాళ్లకు రాయి దక్కింది. బతికినవాళ్ల పతకం కథ వేరు. 1803 నుంచి 1826 దాకా జరిగిన యుద్ధాలకు 'ఆర్మీ ఆఫ్ ఇండియా' పతకాన్ని మంజూరు చేసింది 1851లో. కోరెగావ్ పేరుతో దానికి ఒక పట్టీ ఉంది. కానీ అది అప్పటికి ప్రాణంతో ఉన్నవాళ్లకే. అంటే 33 ఏళ్లు ఆగగలిగినవాడికే పతకం! మధ్యలో పోయినవాడి భార్యకు ఏం మిగిలిందో ఏ రికార్డు చెబుతుంది?

అయినా పతకం కన్నా యూనిఫామే ఎక్కువ పని చేసింది. బొంబాయి సైన్యంలో కులాలవారీగా కాకుండా అందరినీ కలిపి నిలబెట్టేవాళ్లు. మహర్ సుబేదారైతే పై కులాల సిపాయీ సెల్యూట్ కొట్టాల్సిందే. ఊళ్లో నీడ తగలకూడదన్నవాడే ఇక్కడ ఆర్డర్ ఇస్తాడు. ఇంకోటి చదువు. సైన్యంలో సిపాయిల పిల్లలకు చదువు తప్పనిసరి చేశారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదార్ సైనిక బడిలో హెడ్‌మాస్టరుగా పనిచేశాడు. 1891లో అంబేద్కర్ పుట్టింది కూడా మౌ కంటోన్మెంటులోనే. రాజ్యాంగం రాసిన చెయ్యి అక్షరం దిద్దిన ఇల్లు ఒక సిపాయి ఇల్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తలుపు మూశారు. 1857 తిరుగుబాటు తర్వాత కొన్ని కులాలూ జాతులే 'యుద్ధవీరులు' అనే సిద్ధాంతం దొరల్లో బలపడింది. దాన్ని నెత్తికెత్తుకున్న రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతి, తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికే అధిపతి. మద్రాసు సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చిందీ ఆయనే. మన తెలుగువాళ్లకూ దెబ్బ అక్కడే తగిలింది. ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అన్నదే పేరు. ఆ పేరుకు మూలమైనవాళ్లనే పక్కన పెట్టారు! 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగిపోయింది. కోరెగావ్‌లో పనికొచ్చినవాళ్లు 75 ఏళ్లకు పనికిరాకుండా పోయారు.

అప్పుడు ఆ రాయి దరఖాస్తు కాగితమైంది. సైన్యం నుంచి రిటైరైన గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ తయారుచేశాడు. 1910లో శివరాం జానబా కాంబ్లే లండన్‌లోని భారత మంత్రికే రాశాడు. మా తాతలు ప్రాణాలిచ్చారు, మళ్లీ తీసుకోండి అని. చచ్చినవాళ్లను సాక్ష్యానికి పిలుచుకోవాల్సిన గతి! మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహర్ దళాన్ని పెట్టారు. యుద్ధం అయిపోయింది, 1921లో రద్దు చేశారు. అవసరం తీరాక పారేసే పద్ధతి మన వాడల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి వెళ్లాడు. అప్పటి నుంచి అది దరఖాస్తు కాదు, జాతర అయింది. మళ్లీ యుద్ధమొచ్చాక, 1941లో మహర్ రెజిమెంట్ పుట్టింది. దాని టోపీ బిళ్ల మీద కోరెగావ్ స్తంభం బొమ్మ వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ బొమ్మ తీసేసి, దాని చోట బాకు పెట్టారు.