ఎఱ్ఱనైన కంచు, చల్లనైన ఇత్తడి

కాచిన ఉక్కును నీట ముంచినచో అది గట్టిపడి పెళుసగును. కాచిన కంచును అట్లే ముంచినచో పెళుసుదనమును విడుచును. ఒకే నీరు ఒక లోహమునకు కాఠిన్యమును, వేఱొకదానికి సహనమును ఇచ్చు ఈ వైపరీత్యమును కమ్మరులును కంచరులును తమ తమ తొట్లయొద్ద తరతరములుగా ఎఱిగియే ఉండిరి. శాస్త్రజ్ఞులు దానికి కారణము చెప్పగలిగినది చాల కాలము తరువాతనే.

అట్టి కమ్మరులును కంచరులును గల మన టెక్కలి, పలాస ప్రాంతములు 1936 వరకు గంజాము జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రము కాగా, ఇవి మద్రాసు రాజధానియందే నిలిచి విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాకు వచ్చినవి. ఏలుబడులును ఎల్లలును ఎన్ని మారినను లోహమును సాగగొట్టు పద్ధతి మాత్రము మారలేదు. ఏలయన, దానిని నిర్ణయించునది లోహస్వభావమే కాని కొట్టువాని ఇచ్ఛ కాదు.

ఈ ప్రాంతమందలి ఉద్దానపు తోటలకు కావలసిన గునపము, పార, గొడ్డలి, కొబ్బరికత్తి యనునవన్నియు కాచి కొట్టినవే. ఇనుము కరుగుటకు 1538 డిగ్రీల వేడి వలయును. కమ్మరి అంతదూరము పోడు. తిత్తి ఊది, నారింజవన్నె వచ్చినంతనే పటకారుతో తీసి దాగలిపై పెట్టును. ఆ వేడిమియందు సమ్మెటదెబ్బకు చితికిన లోహకణములు వెంటనే క్రొత్తగా కూడుకొనుచుండును గనుక, ఎంత కొట్టినను ఇనుము బిరుసెక్కదు. వన్నె తగ్గినదా, మరల కొలిమియే గతి. కొడవలినోటికి కక్కు పెట్టుట వంటి సన్నపుపని మాత్రము చల్లని లోహముపైననే జరుగును.

ఇత్తడి తీరు వేఱు. రాగిలో మూడవవంతుకు మించకుండ తుత్తునాగము కలిసిన ఇత్తడిని చల్లగా ఉండగనే కొట్టి బిందెగా, చెంబుగా సాగదీయవచ్చును. అయితే ప్రతి విడత దెబ్బలకును అది బిగిసిపోవును. అపుడు కాచి, మెత్తబరచి, చల్లార్చి మరల కొట్టవలెను. సీసము ఇంచుకంత కలిసిన అట్టి ఇత్తడిని ఎఱ్ఱగా ఉన్నపుడే కొట్టితిమా, అటుకులవలె రాలిపోవును. వేడి సర్వలోహములను లొంగదీయునను సామాన్యజనుల నమ్మకము ఇచ్చట చెల్లదు.

అన్నింటికంటె చిత్రమైనది కంచు. నూటికి సుమారు 78 పాళ్లు రాగియు, 22 పాళ్లు తగరమును కలిసిన ఈ లోహము చల్లగా ఉన్నపుడు సుత్తిదెబ్బకు పగులును; 600 మొదలు 750 డిగ్రీల నడుమ, మందమైన ఎరుపులో మాత్రము ఇనుమువలె లొంగును. ఆ ఎరుపుమీదనే నీట ముంచినచో, నెమ్మదిగా చల్లారునపుడు పుట్టదగిన పెళుసుభాగము పుట్టకయే ఆగిపోవును. తామ్రపర్ణీతీరమందలి ఆదిచ్చనల్లూరు సమాధులలో దొరకిన ఇనుపయుగపు పలుచని కంచుపాత్రలు ఈ విద్య దక్షిణదేశమున ఎంత ప్రాచీనమో తెలుపుచున్నవి. మన జిల్లాలోనే బుడితి గ్రామపు కంచు, ఇత్తడి పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఉష్ణమానిని లేకుండ, కంటిచూపుతోనే ఆ ఇరుకు వేడిమిని పట్టగలిగిన కంచరిని మించిన పరీక్షకుడు మఱియొకడు లేడని నా అభిప్రాయము.

ఇట్టి చేతిపనికి పోటీయు పుట్టినది. 1898లో మద్రాసు కళాశిల్పపాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రల తయారీని ఆరంభించెను. బయటిసరకు ఇచ్చటికి చేరుటకు వీలుగా 1900లో నౌపడనుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు నడచెను. చల్లని అల్యూమినియము రేకును యంత్రము వత్తి దించిన గిన్నె చౌకగా అంగడికెక్కిన పిమ్మట, చేతిసుత్తితో విడతవిడతకు కాచి కొట్టిన ఇత్తడిబిందె దానితో పోటీపడలేకపోవుట సహజమే. కమ్మరికొలిమికి ఆ ముప్పు అంత త్వరగా రాలేదు. గిన్నె ఒకసారి కొన్న చాలును. కొబ్బరికత్తి నోరు మాత్రము అరుగుచునే ఉండును, అరిగినదానిని మరల కాచి, సాగగొట్టి, పదును పట్టించుటకు ఊరిలో ఒక కొలిమి ఉండి తీరవలెను. లారీలనుండి తీసివేసిన కమానుపట్టీలు ఇపుడు దానికి కావలసిన ఉక్కును సమకూర్చుచున్నవి.