మౌనం అర్ధాంగీకారమా?



ఉద్యోగ విరమణానంతరం నేనొక చిన్న శతకం అచ్చు వేయించాను. ప్రతుల కట్టలు చెదలపాలు కారాదన్న ఆరాటంతో, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేతికందిన పట్టికను ముందు పెట్టుకొని, అందులోని ఇంచుమించు 200 మందికీ వెల, తపాలా ఖర్చుల వివరాలతో ఒక వేగు పంపాను. పది రోజులకు మరొకటి, ఆపైన ఇంకొకటి. ఎవరూ కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం కదా అనుకొన్నాను. నాలుగవ వేగుకు ఒక శిష్యుడు జవాబిచ్చాడు: “మాస్టారూ, మీ మీది గౌరవంతో ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఆ పట్టిక మేము ఒకరినొకరం కలుసుకోవడానికి రాసుకున్నదండీ. దయచేసి నా పేరు తీసేయండి.”

36 ఏళ్ళు పిల్లలకు పదాల అర్థాలు చెప్పినవాడిని, ‘అంగీకారం’ అన్న పదానికి అర్థం ఆనాడు నేర్చుకొన్నాను. ఆ సిగ్గుతోనే ఈ విషయపు పూర్వాపరాలు వెదికాను. నా తప్పు కొత్తదేమీ కాదని తేలింది.

1864 మే నెలలో లండను నగరంలో కొందరు ప్రముఖుల ఇళ్ళకు రాత్రివేళ తంతి వార్తలు వచ్చాయి. తంతి అనగానే ఏ అశుభమోనని గుండె గుభేలుమనే కాలమది. విప్పి చూస్తే ఒక దంతవైద్యశాల వేళల ప్రకటన! ఆ వైద్యులతో తనకే సంబంధమూ లేదనీ, ఏ హక్కుతో తనను కదిలించారనీ ఒకాయన ‘టైమ్స్’ పత్రికకు లేఖ రాశాడు. ‘ఏ హక్కుతో’ అన్న ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే తరువాతి చరిత్ర అంతా.

కంప్యూటర్ల కాలంలో ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు జాన్ పోస్టెల్. అక్కరలేని సందేశాలను ఎంచి నిరాకరించే ఉపాయం యంత్రానికి లేదని 1975 నవంబరులోనే ఆయన ఒక చిన్న పత్రం రాశాడు. మూడేళ్ళు తిరగకుండానే ఆ భయం నిజమైంది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, అర్పానెట్ చిరునామాల పుస్తకంలోంచి ఏరిన సుమారు 400 మందికి ఒకే వేగు పంపించాడు. చిరునామాలు వాటి గడిలో పట్టక లేఖలోకే పొంగి పొరలాయి. ప్రభుత్వ కార్యాలకు ఉద్దేశించిన వ్యవస్థను వర్తకానికి వాడినందుకు నిర్వాహకులు గట్టిగా మందలించారు. అయితే కోటి డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయని థర్క్ తరువాత చెప్పుకొన్నాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. విసుగు వందలమందిది, లాభం ఒక్కడిది.

1994 ఏప్రిల్‌లో కాంటర్, సీగెల్ అనే న్యాయవాద దంపతులు అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది యూజ్‌నెట్ సమూహాల్లో కుమ్మరించారు. 1997లో టెనెస్సీలో కాంటర్ న్యాయవాద పట్టా రద్దయింది. కారణాల్లో ఈ ప్రకటన కూడా ఒకటి. ఇటువంటి వాటికి స్థిరపడిన ‘స్పామ్’ అన్న పేరు నిజానికి 1937లో పుట్టిన డబ్బా మాంసానిది. 1970లో మాంటీ పైథాన్ బృందం ప్రదర్శించిన హాస్య సన్నివేశంలో, ఏ వంటకం అడిగినా అదే వస్తుంది. ఆ పేరు హోరులో మిగతా మాటలు వినబడవు. అందుకే ఆ పేరు అతికింది.

తరువాత చట్టాలు వచ్చాయి. 2002 నాటి ఐరోపా ఆదేశం ముందుగా అనుమతి పొందాలన్నది. 2004 జనవరి 1న అమలైన అమెరికా చట్టం పంపవద్దనలేదు. శీర్షికలో మోసం కూడదని, పంపేవారి తపాలా చిరునామా ఉండాలని, వద్దన్నవారి పేరు పది పనిదినాల్లో తొలగించాలని మాత్రం శాసించింది. మొదటిది గడప బయట నిలబడి అడగమన్నది, రెండవది లోపలికి వచ్చాక పొమ్మంటే పొమ్మన్నది. 2018 మేలో అమలైన ఐరోపా నిబంధనలు ఇంకొక అడుగు వేసి, మౌనంగాని, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిగాని అంగీకారం కాదని తేల్చాయి. మన పార్లమెంటు 2023లో ఆమోదించిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించుకోవడమూ అంత సులువుగా ఉండాలన్నది. 2024 నుండి గూగుల్, యాహూ సంస్థలు భారీ సంఖ్యలో వేగులు పంపేవారికి ఒక్క నొక్కుతో విరమించుకొనే మీట తప్పనిసరి చేశాయి. స్పామ్ ఫిర్యాదులు నూటికి 0.3 దాటరాదన్నాయి.

నిజాయితీగల వర్తకులు చట్టాలకు ముందే ఈ నీతి కనిపెట్టారు. చందాదారు పేరు నమోదైన వెంటనే “ఇది మీరేనా?” అని ఒక వేగు పంపి, ఔనన్నాకే జాబితాలో చేరుస్తారు. ఒకరి చిరునామా మరొకరు రాసే అవకాశం ఉంది కదా! ఎన్నాళ్ళకొకసారి, ఏ విషయమై రాస్తారో ముందే చెబుతారు. పుస్తకాల కోసం ఇచ్చిన చిరునామాకు పట్టుచీరల ప్రకటన పంపరు. వెళ్ళిపోతామన్నవారిని కారణం అడగరు.

నేనా పట్టిక చింపివేశాను. అందరికీ విడివిడిగా క్షమాపణ రాసి, ఇకమీదట కావాలన్నవారికే పంపుతానన్నాను. 11 మంది “పంపండి మాస్టారూ” అన్నారు. పేరు తీసేయమన్న శిష్యుడు ఆ పదకొండుగురిలో లేడు. అతనికి మళ్ళీ రాయలేదు. అదే నేనతనికి ఇవ్వగలిగిన గౌరవం.