హార్డు డిస్కు మార్పిడి - పూర్వాపరములు

తాటియాకుపై గంటముతో వ్రాసిన గ్రంథము శాశ్వతము కాదని మన పూర్వులకు తెలియును. పురుగు తొలుచుట, అంచులు విరుగుట, తేమకు చెడుట దానికి సహజములు. అందుచేత ఆకులు శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపైకి ప్రతి యెత్తించు ఆచారము శతాబ్దముల తరబడి సాగినది. నన్నయభట్టు స్వహస్తముతో వ్రాసిన ఆకు నేడు ఒక్కటియు లేదు. మనము చదువుచున్నది ప్రతికి ప్రతి, దానికి మరియొక ప్రతి. లేఖకులు గ్రంథాంతమున, తాము చూచినది చూచినట్లు వ్రాసితిమనియు, తప్పున్నచో తమది కాదనియు విన్నవించుకొనెడివారు.

సి. పి. బ్రౌను (1798-1884) కడపలో పండితులకు జీతములిచ్చి, ఒకే కావ్యమునకు పలు ప్రతులను సేకరించి, వానిని ఒండొంటితో పోల్పించి, శుద్ధప్రతులను కాగితములపై వ్రాయించెను. ఆకుమీది అక్షరమును కాగితమునకు ఎక్కించినంతమాత్రమున ఆయన తృప్తిపడలేదు. ఎక్కించుట వేరు, సరిచూచుట వేరు. ఈ భేదము నేడు ఇంటి కంప్యూటరులో హార్డు డిస్కును మార్చువారికిని అక్షరాల వర్తించును. కాని పలువురు మొదటి పని ముగియగానే రెండవదియు ముగిసినదని తలంచుచున్నారు.

కంప్యూటరులో తాటియాకు స్థానమును ఆక్రమించినది హార్డు డిస్కు. అది పుట్టినది 1956లో, అమెరికాలోని శాన్ హోసే నగరమున, ఐ.బి.ఎం. సంస్థవారి ప్రయోగశాలలో. రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున ఇంజనీరులు నిర్మించిన ఆ యంత్రమునకు 'రామాక్' అని పేరు. ఆ పేరులోని అక్షరములలో ఒకటి 'అకౌంటింగు' అను మాటకు సంకేతము. అనగా ఈ సాధనము కవిత్వమునకు కాదు, చిట్టా ఆవర్జాల కొరకే పుట్టినదన్నమాట! లెక్కలు వ్రాయువారు ఇందుకు కొంత గర్వింపవచ్చును. అంతకు పూర్వము వివరములను అయస్కాంతపు టేపుపై నిలుపుచుండిరి. అందులో ఒక ఖాతా కావలెనన్న టేపును మొదటినుండి త్రిప్పుకొని రావలెను. డిస్కులోనన్ననో, ఆవర్జాలో కోరిన పుటను తెరచినట్లు, నేరుగా ఆ చోటికే పోవచ్చును.

ఆ మొదటి యంత్రములో 24 అంగుళముల వ్యాసముగల పళ్ళెములు 50 ఉండెను. అవి నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచుండెను. బరువు ఇంచుమించు ఒక టన్ను. ఇంత సంభారమునందును ఇమిడినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒకటి రెండింటికే ఆ చోటు చాలును.

1973లో వచ్చిన వించెస్టర్ డిస్కు పళ్ళెములను, చదువు ముల్లును ఒకే మూతపెట్టెలో భద్రపరచెను. 1980లో అయిదుంపావు అంగుళముల డిస్కు వెలువడెను. 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్.టి. అను కంప్యూటరులో కోటి అక్షరములు పట్టు డిస్కు అమరెను. క్రమముగా అది ఇండ్లకు ప్రవేశించినది.

ఈ పెట్టె యేల చెడును? చదువు ముల్లు పళ్ళెమును తాకదు. పళ్ళెము తిరుగు వేగమునకు ఏర్పడిన గాలిపొరపై తేలుచుండును. నేటి డిస్కులలో ఆ ఎడము తలవెంట్రుక మందములో వేయవ వంతుకన్నను తక్కువ. క్రిందపడి కుదుపు తగిలినను, లోపలి భాగములు అరిగినను ముల్లు పళ్ళెమును గీచును. గీచిన చోటి అక్షరములు తిరిగి రావు. టకటకమను చప్పుడు, ఫైలు తెరచుటకు మితిమీరిన ఆలస్యము దానికి ముందు గుర్తులు. అట్టి డిస్కును మాటిమాటికి నడిపి చూచుట ప్రమాదకరము. ముందుగా మరల సంపాదింపరాని వానిని, అనగా పోయిన పెద్దల ఛాయాచిత్రములను, ఇంటి లెక్కలను, వ్రాతలను వేరొక చోటికి తీసికొనవలెను. సినిమాలు పాటలు తరువాత చూచుకొనవచ్చును.

మార్చు పని స్వల్పమే. విద్యుత్తును ఆపి, పెట్టె విప్పి, తీగలు తీసి, క్రొత్తదానిని మరలతో బిగింతురు. 2003కు పూర్వపు డిస్కులకు వెడల్పైన పట్టీ తీగ ఉండెడిది. తరువాతి వానికి సన్నని తీగ వచ్చినది. కాబట్టి మిక్కిలి పాత డిస్కును చదువుటకు మధ్యన ఒక జోడింపు సాధనము కావలెను. పాతదానిని ఉన్నదున్నట్లు మొత్తముగా దింపుట ఒక మార్గము. క్రొత్తదానిలో కంప్యూటరును నడిపించు ప్రోగ్రాములను మరల నెలకొల్పి, ఇంటి ఫైళ్ళను మాత్రమే తెచ్చుకొనుట మరియొకటి. పాత డిస్కునందు దోషములున్నప్పుడు రెండవదియే మేలు, ఏలయన దోషములు కూడ ప్రతిలోనికి వచ్చును. చూచినది చూచినట్లు వ్రాయు లేఖకుని స్వభావమే యంత్రమునకును కలదు.

ఇక సరిచూచుట. ఫైళ్ళ సంఖ్య, వాని పరిమాణము రెండు చోట్లను సమానముగా ఉండవలెను. ఫైలులోని అంకెలన్నిటినుండి ఒక గుర్తుసంఖ్యను కట్టి, అసలుకు ప్రతికి తాళా చూచు ప్రోగ్రాములును కలవు; అడ్డకూడిక నిలువుకూడిక సరిపోయినదా అని లెక్కగాడు చూచుకొనుట వంటిది. అయినను కొన్నింటిని తెరచి కన్నులార చదువవలెను. ఏలయన అంకెలన్నియు సరిపోయినను అక్షరములు రాకపోవచ్చును.

తెలుగువారికి ఈ ఇక్కట్టు బాగుగా తెలియును. యూనికోడు అను ప్రపంచ లిపిసంకేతమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, అచ్చు పనులలో పెక్కేండ్లు వేరువేరు ఫాంటులే నడచినవి. అట్లు కూర్చిన పుస్తకపు ఫైలు క్రొత్త డిస్కునకు చెక్కుచెదరక వచ్చును. కాని దానితో ఆ ఫాంటు రానిచో పుటనిండ అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. ఫైలు ఉన్నది, పుస్తకము లేదు! అట్టివానిని ఫాంటుతో కూడ తెచ్చుకొని, యూనికోడులోనికి మార్చి, పుట పుటయు చదివి దిద్దుకొనవలెను.

ఇంగ్లండులోను ఇట్టిదే జరిగినది. అచ్చట 1086లో విలియం రాజు గ్రామగ్రామమున భూములు, నాగళ్ళు, తిరుగలిమిల్లులు లెక్కింపించి తోలుకాగితములపై 'డూమ్స్‌డే' గ్రంథమును వ్రాయించెను. దాని తొమ్మిదివందలవ ఏట, 1986లో, బి.బి.సి. వారు పదిలక్షలకు పైబడిన జనుల సహాయమున తమ కాలపు గ్రామ వృత్తాంతములను సేకరించి లేజరు పళ్ళెములపై నిలిపిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పళ్ళెములను చదువగల యంత్రములు అరుదైపోయెను. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఆ పాత యంత్రమును క్రొత్త కంప్యూటరులో అనుకరింపజేసి చదువు మార్గమును చూపిరి. 1086 నాటి తోలుకాగితములను మాత్రము లాటిన్ వచ్చినవారు నేటికిని చదువుచున్నారు.

ఇప్పుడు పాతదాని స్థానమున పలువురు పెట్టించుకొనుచున్నది తిరుగు పళ్ళెములేని ఎస్.ఎస్.డి. దానికి వేగము హెచ్చు, చప్పుడు లేదు. కాబట్టి చెడునప్పుడు చెవికి హెచ్చరికయు ఉండదు. అందుచేత ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక ప్రతిని వేరొక చోట ఉంచుట తప్పదు.

పాత డిస్కును కొన్ని నెలలైనను బీరువాలో ఉంచి, ఏదియు మరువలేదని రూఢిపరచుకొనిన పిమ్మటనే వదలుకొనవలెను. వదలునప్పుడు ఫైళ్ళను చెరిపినంతమాత్రమున చాలదు. చెరుపుట యనగా సాధారణముగా విషయసూచికలో ఆ పేరు కొట్టివేయుటయే. పుటలోని వ్రాత అట్లే ఉండును. తెలిసినవాడు దానిని వెలికితీయగలడు. కావున పళ్ళెమంతటను క్రొత్త అంకెలు నింపించియో, లోపలి పళ్ళెములను పగులగొట్టియో పాతసామాను వానికి ఇయ్యవలెను.