పెన్‌గంగ ఒడ్డున మంచు గీతలు

చంద్రపూర్‌లోని లాల్‌పేట్ గనులు వార్ధా లోయ బొగ్గు క్షేత్రానికి చెందినవి. ఈ క్షేత్రంలో బొగ్గు ప్రధానంగా బరాకర్ అనే ఇసుకరాతి పొరల మధ్య దొరుకుతుంది. వాటికి అడుగున, ఒడిశాలోని తాల్చేరు పేరుతో పిలిచే పొరలు ఉంటాయి. ఆకుపచ్చని ఛాయ కలిగి, కొట్టగానే సూదుల్లాంటి పలుకులుగా విడిపోయే తాల్చేరు రాయి బోరుకు తగిలిందంటే, ఇక కింద బొగ్గు లేదని లెక్క. అయితే బొగ్గు వెదికేవారు వదిలేసి వచ్చే ఈ పొరే, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి వాతావరణాన్ని తెలుసుకోవడానికి ఆధారమైంది.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థను 1851లో నెలకొల్పడానికి ముఖ్య కారణం బొగ్గు అవసరమే. ఆ సంస్థకు చెందిన విలియం, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ సోదరులు, విలియం థియోబాల్డ్ కలిసి తాల్చేరు క్షేత్రంపై 1856లో వెలువరించిన నివేదికలో ఒక చిక్కును ముందుంచారు. పెద్ద పెద్ద గుండ్లు మెత్తని మట్టిలో కూరుకుని కనిపించాయి. గుండ్లను దొర్లించగల ఉధృతమైన ప్రవాహం సన్నని ఒండ్రును అడుగున నిలవనివ్వదు, ఒండ్రు పేరుకునే నిదానపు నీరు గుండ్లను కదపలేదు, కాబట్టి వాటిని మోసుకొచ్చింది మంచు అయి ఉండాలని వారు ఊహించారు. తర్కం బలమైనదే కానీ, ఉష్ణమండలంలో మంచు అన్న మాట నమ్మించడానికి తర్కం ఒక్కటే చాలలేదు.

అప్పటికే స్విట్జర్లాండ్‌లో లూయీ అగాసీ వంటివారు హిమానీనదాల జాడను, అంటే కదిలే మంచు రాశుల జాడను, రాళ్ల మీది గీతలతో పోల్చుకునే పద్ధతిని స్థిరపరిచారు. అదే జాడను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకే చెందిన ఫ్రాన్సిస్ ఫెడెన్ చంద్రపూర్‌కు పడమరగా సుమారు పది మైళ్ల దూరాన, పెన్‌గంగ ఒడ్డున ఇరాయి గ్రామం వద్ద కనుగొని, 1875లో ప్రకటించాడు (పట్టణం పక్కన పారే ఇరాయి నది వేరు). అక్కడ గుండ్ల మీదనే కాక, వాటికి ఆధారమైన సున్నపురాతి నేల మీద కూడా నునుపు, గీతలు, గాడులు ఉన్నాయి. ఈ రెండో సాక్ష్యమే కీలకం: విడి గుండు ఎక్కడో గీతలు పడి ఇక్కడికి కొట్టుకొచ్చి ఉండవచ్చు, కానీ కదలని నేలరాయి మీది గాడి అక్కడికక్కడే పడాలి, పైగా మంచు ఏ వాలున కదిలిందో కూడా దాని దిశ సూచిస్తుంది. రాయిని ప్రయోగశాలకు తెస్తే ఈ దిశ పోతుంది గనుక క్షేత్రంలోనే కొలుచుకోవాలి.

ఫెడెన్ తన వ్యాసం పేరులో హిమానీనదం అనకుండా, నీటి అడుగున నేలను అంటి గడ్డకట్టే మంచు పేరే వాడాడు. కనిపించినదాన్ని మించి ఒక మెట్టు కూడా ముందుకు వేయని ఈ నిగ్రహం మెచ్చదగినదే, అయితే ఆ గాడులు సూచించేది అంతకన్నా ఎక్కువ. దక్షిణాఫ్రికాలోనూ ఇలాంటి పొరలే బయటపడటంతో, ఇంత దూరపు నేలల మీద మంచు ఎలా పరుచుకుందన్న ప్రశ్న మరింత పెద్దదైంది. ఖండాలు కదిలాయని 1912 నుంచి వాదించిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఈ మంచు జాడలను తన ప్రధాన సాక్ష్యాలలో చేర్చుకున్నాడు.