కొత్తవలస–కిరండూల్: కొండలు తొలిచి కట్టిన దారి

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తే గోల్డెన్ గేట్ వంతెన చూడకుండా తిరిగి రాదు. 1937లో తెరిచారని, కట్టడానికి ఎంత శ్రమపడ్డారని పిల్లలకు వివరంగా చెబుతారు. అదే కుటుంబం డిసెంబరు సెలవులకు విశాఖ వచ్చి అరకు రైలెక్కితే మాత్రం కొండలు, మబ్బులు, లోయలు తప్ప ఇంకేమీ కంటికి ఆనవు. తమను మోసుకెళ్తున్న ఆ రైలుదారే ఈ కనుమల్లోకెల్లా గొప్ప కట్టడమన్న ఊహ రాదు. తప్పు వాళ్లది కాదు. ఆ సంగతి మనం గట్టిగా చెప్పుకున్నది లేదు.

అరకు వైపు బయటివాళ్ల చూపు రైలుకు ముందే పడింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయల కోసం పద్మాపురంలో తోట వేశారు. ఇవాళ పర్యాటకులు తిరిగే తోట అదే. బొర్రా గుహలను 1807లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని చాలాచోట్ల అచ్చయింది. ఆ శాఖ పుట్టిందే 1851లో! అయినా గుహలోని శివలింగానికి మొక్కుకునే చుట్టుపక్కల గిరిజనులకు వాటిని ఎవరో వచ్చి కనిపెట్టి చూపాలా?

రైలు వచ్చింది మాత్రం ఇనుప ఖనిజం కోసం. బస్తర్‌లోని బైలడిల్లా కొండలను క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1934-35లో సర్వే చేశాడు. యుద్ధంలో చితికిపోయి మళ్లీ నిలదొక్కుకుంటున్న జపాన్ ఉక్కు మిల్లులకు ఆ ఖనిజం కావాల్సివచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. గని ఒకచోట, విశాఖ రేవు ఇంకొకచోట, నడుమ తూర్పు కనుమలు. దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు పథకంలో భాగంగా కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ లైను ఆ దశాబ్దంలోనే వేశారు. ఈ మార్గంలో 58 సొరంగాలు, ఎనభైకి పైగా పెద్ద వంతెనలు ఉన్నాయి. డార్జిలింగ్, నీలగిరి రైళ్లు దొరల కాలంలో, వాళ్లు వేసవికి తరలివెళ్లే చల్లటి ఊళ్ల కోసం వేసిన సన్న పట్టాలు. ఇది స్వతంత్ర దేశం ఖనిజం నిండిన బరువైన వ్యాగన్లను కొండ దించడానికి వేసుకున్నది. ఆ రెండూ ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. దీని ఊసు అక్కడ వినపడదు. నా దృష్టిలో ఇది అన్యాయమే.

శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. పట్టాలు కొండ నడుముకు చుట్టుకుంటూ పైకి పోతాయి. మలుపులో కిటికీలోంచి చూస్తే మన రైలు ఇంజనే మనకు కనిపిస్తుంది, అంతలోనే సొరంగంలో దూరి మాయమవుతుంది. పెట్టెలో చీకటి కమ్ముకుంటుంది, పిల్లలు కేకలు పెడతారు, చల్లటి తడిగాలి మొహానికి కొడుతుంది. వెలుతురులోకి వచ్చీరాగానే కింద లోయ. బొర్రా దగ్గర పట్టాలు గుహల నెత్తిమీదుగానే వెళ్తాయి. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాలమీద పడితే రాకపోకలు ఆగిపోతాయి. అప్పుడు బండరాళ్లు తొలగించడానికి గ్యాంగ్‌మెన్ వానలోనే దిగాలి.

శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అన్న పేరు కాశ్మీరు లోయకు రైలు వచ్చేదాకా దానిదే. అక్కడి బోర్డు దగ్గర ఫొటో దిగడం మాత్రం ఇంకా మానలేదు.

చాలాకాలం ఈ కొండల్లో ప్రయాణికులకు దిక్కు పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరే. అది సంతకు పోయేవాళ్ల బండి, పనసకాయల బుట్టల బండి. 2017 ఏప్రిల్‌లో దానికి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. టికెట్ ధర పెరిగింది, దూరదేశాల నుంచి వచ్చేవాళ్లు ముందుగానే సీట్లు పట్టుకుంటున్నారు. తల పైకెత్తితే ఆకాశం, కొండ అంచు చక్కగా కనిపిస్తాయి. ఆ కొండను తొలిచినవాళ్ల గురించి తెలుసుకోవడానికి అద్దాల పైకప్పు సరిపోదు.

అరకులో 1996లో గిరిజన మ్యూజియం పెట్టారు. పెళ్లి, వేట, వ్యవసాయం చేస్తున్న మనుషుల బొమ్మలు నిలువెత్తున ఉంటాయి, చూసి తీరాల్సినవి. ఆ ఆవరణలోనే ఈ లైను కోసం ఒక గది కేటాయించాలి. సొరంగాల పటాలు, నిర్మాణ కాలపు ఫొటోలు, రాయి కొట్టిన కూలీల పేర్లు, దారికోసం భూములిచ్చిన గూడేల పేర్లు అందులో పెట్టాలి. ఆ పనిలో చెమటోడ్చినవాళ్లలో కొందరు ముసలివాళ్లయి ఇంకా ఈ ఊళ్లలోనే ఉండవచ్చు. వాళ్ల మాటలు రికార్డు చేసే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.