ఆఖరి నాణెం ఎందుకు దొరకదు?

నాణేల సేకరణలో ఆఖరి ఖాళీ నింపడమే కష్టం. నాణెం పాతబడేకొద్దీ దొరకడం కష్టమవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ పదహారు వందల ఏళ్లు దాటిన రోమన్ రాగి నాణేలు ఈనాటికీ చవగ్గానే దొరుకుతున్నాయి. కొరతకు అసలు మూలం ప్రభుత్వ నిర్ణయాల్లో ఉంటుంది. అమెరికాలో 1873 ఫిబ్రవరి చట్టం పది సెంట్ల వెండి నాణెం బరువును రవ్వంత పెంచింది. కొత్తవాటిని గుర్తుపట్టేందుకు సంవత్సరానికి అటూ ఇటూ చిన్న బాణాలు చెక్కారు. అంతకుముందే కార్సన్ సిటీ టంకశాల బాణాలు లేనివి 12,400 ముద్రించింది. వాటిలో దాదాపు అన్నిటినీ కరిగించేశారని నిపుణుల అంచనా. ఇప్పటికి జాడ తెలిసింది ఒక్కటే. బాల్టిమోర్ బ్యాంకర్ లూయీ ఎలియాస్‌బర్గ్ 1950లో దాన్ని కొన్నాకే ఆయన అమెరికా నాణేల సేకరణ పూర్తయింది.

ఈ కొరతంతా గ్రేడింగ్ కంపెనీల సృష్టేనని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం రూపొందించిన నాణెం స్థితిని తెలిపే 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్ని తర్వాత అన్ని నాణేలకూ వర్తింపజేశారు. 1986లో మొదలైన పీసీజీఎస్ అనే గ్రేడింగ్ కంపెనీ నాణేలకు గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ డబ్బీల్లో సీలు వేసింది. దాంతో 65కీ 66కీ మధ్య తేడా కూడా ధరను తారుమారు చేయసాగింది. అయితే ఎలియాస్‌బర్గ్ వెతికిన రోజుల్లో ఆ డబ్బీలే లేవు. కాబట్టి ఆఖరి నాణెం కోసం తిరిగేవారు గ్రేడు కంటే ముందు టంకశాల లెక్కలు చూడాలి.